ఒకే నవల, రెండు సిరీస్‌లు: 'త్రీ బాడీ ప్రాబ్లమ్' మీద ఇన్ని తగవులు ఎందుకు?

నెట్‌ఫ్లిక్స్‌లో 'త్రీ బాడీ ప్రాబ్లమ్' ఎనిమిది ఎపిసోడ్లూ మా ఇంట్లో ముగ్గురం కలిసి చూశాం. తమ్ముడు మూడు పుస్తకాలూ చదివినవాడు. నేను మొదటి రెండు చదివాను. అమ్మకు ఇలాంటి నవల ఒకటుందనే తెలియదు. రెండో ఎపిసోడ్ అయ్యేసరికి తమ్ముడు "అక్కా, వీళ్లు మూడు పుస్తకాలనీ ముక్కలు చేసి ఒక్క గిన్నెలో కలిపేశారు" అని గింజుకోవడం మొదలుపెట్టాడు. అమ్మేమో చివర్లో విల్ అనే కుర్రాడి కోసం కళ్లొత్తుకుంది. నాకు నచ్చినవీ ఉన్నాయి, మనసు ఒప్పనివీ ఉన్నాయి.

ఈ సిరీస్ గురించి బయట నడిచే వాదనలూ ఇలాగే ఉంటాయి. ఒకరు అద్భుతమంటారు, ఒకరు నవలను చంపేశారంటారు, ఇంకొకరు చైనా వాళ్లు తీసిందే అసలైనదంటారు. కాస్త ఓపికగా వింటే, వీళ్లంతా ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదని తెలుస్తుంది. ఆ ప్రశ్నలను విడదీసి చూడటానికే ఈ వ్యాసం. కథలోని మలుపులన్నీ ఇందులో బయటపడతాయి కాబట్టి, ఇంకా చూడనివాళ్లకు ముందే చెప్పేస్తున్నాను.

## ఒక ఇంజనీరు రాసిన నవల

రచయిత లియు త్సిషిన్. 1963లో పుట్టాడు. చైనాలోని షాన్షీ రాష్ట్రంలో ఒక విద్యుత్ కేంద్రంలో కంప్యూటర్ ఇంజనీరుగా పనిచేస్తూ కథలు రాశాడు. ఈ నవల 2006లో 'సైన్స్ ఫిక్షన్ వరల్డ్' అనే చైనా పత్రికలో సీరియల్‌గా వచ్చింది, 2008లో పుస్తకమైంది. తర్వాత మరో రెండు భాగాలు వచ్చి త్రయం పూర్తయింది. కెన్ లియు చేసిన ఇంగ్లిష్ అనువాదం 2014లో వెలువడింది. మరుసటి ఏడాది దానికి హ్యూగో అవార్డు దక్కింది. ఉత్తమ నవల విభాగంలో ఆసియా రచన ఒకటి ఆ అవార్డు గెలవడం అదే మొదటిసారి.

కథ మూలం చిన్నదే. యే వెన్‌జే అనే యువతి తండ్రి భౌతికశాస్త్ర ప్రొఫెసర్. మావో పాలనలో మేధావుల మీద దాడులు సాగిన చైనా సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆయన్ని జనం ముందు నిలబెట్టి కొట్టి చంపుతారు. ఆ తర్వాత ఆమె ఒక రహస్య రేడియో కేంద్రంలో పనికి చేరుతుంది. అక్కడి నుంచి ఆకాశంలోకి ఒక సందేశం పంపుతుంది. సుమారు ఎనిమిదేళ్లకు జవాబు వస్తుంది: "జవాబివ్వద్దు. జవాబివ్వద్దు. జవాబివ్వద్దు." ఇస్తే మీ లోకం మీద దండయాత్ర తప్పదని, అవతలి గ్రహంలోని ఒక శాంతికాముకుడు పంపిన హెచ్చరిక అది. ఆమె జవాబిస్తుంది.

ఈ కథను చైనాలో టెన్సెంట్ సంస్థ 30 ఎపిసోడ్ల సిరీస్‌గా తీసి 2023 జనవరిలో విడుదల చేసింది. నెట్‌ఫ్లిక్స్ ఎనిమిది ఎపిసోడ్లు 2024 మార్చి 21న వచ్చాయి. వాటి సృష్టికర్తలు డేవిడ్ బెనియాఫ్, డి.బి. వైస్, అలెగ్జాండర్ వూ. వీళ్లలో మొదటి ఇద్దరూ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' తీసినవాళ్లు. ఆ సిరీస్ ముగింపు మీద 2019 నుంచీ కోపంగా ఉన్న జనం చాలామందే. ఆ పాత కోపంతోనే కొందరు దీన్ని చూడటానికి కూర్చున్నారనేది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

## పేరులో ఉన్న చిక్కు

ఆకాశంలో రెండు వస్తువులే ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటుంటే, అవి రేపు ఎక్కడుంటాయో, వెయ్యేళ్లకు ఎక్కడుంటాయో సూత్రం వేసి చెప్పేయొచ్చు. న్యూటన్ కాలం నుంచీ ఆ లెక్క మనకు తెలుసు. మూడో వస్తువు చేరగానే ఆ సుఖం పోతుంది. అన్ని సందర్భాలకూ పనికొచ్చే సులువైన సూత్రం ఇక దొరకదు. పైగా మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా, కొంతకాలానికి ఫలితం పూర్తిగా మారిపోవచ్చు. 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి గణితవేత్త పాంకరే ఈ సంగతి మీద చేసిన పనే తర్వాత 'కేయాస్' సిద్ధాంతానికి పునాది అయింది.

లెక్క అసలు తేలదని మాత్రం అనుకోకూడదు. కంప్యూటర్ మీద అడుగడుగునా లెక్కవేస్తూ కొంతకాలం వరకు బాగానే చెప్పొచ్చు. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో కచ్చితమైన సమాధానాలూ ఉన్నాయి. వాటిలో ఒకటి మనకు బాగా దగ్గరిది. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న ఎల్1 అనే బిందువు చుట్టూ తిరుగుతోంది కదా. సూర్యుడు, భూమి, ఒక చిన్న నౌక: ఈ మూడింటి లెక్కకు దొరికిన సమాధానమే ఆ బిందువు.

నవలలోని గ్రహానికి ఆ అదృష్టం లేదు. దాని ఆకాశంలో మూడు సూర్యుళ్లు. కొన్నాళ్లు ఒక సూర్యుడి చుట్టూ బుద్ధిగా తిరుగుతుంది, తర్వాత ఇంకోటి లాగేస్తుంది. రాత్రి గడ్డకట్టేస్తుందో, పగలు కాల్చేస్తుందో ఎవరూ చెప్పలేరు. అక్కడివాళ్లు భూమిని కోరుకోవడానికి కారణం ఇదే. నవలలో ఇది పాఠకుడికి ఒక వీడియో గేమ్ ద్వారా కొంచెం కొంచెంగా తెలుస్తుంది. ఆ కొంచెం కొంచెంగా తెలియడంలోనే చదివినవాళ్ల ఆనందమంతా ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, తగవుల్లో సగం ఇక్కడి నుంచే పుట్టాయి.

## నవలలో ఉన్నట్టే తీయాలంటే, ఏ నవల?

నచ్చలేదన్న చాలామంది నోట మొదట వచ్చే మాట "పుస్తకంలో ఇలా లేదు". వినడానికి సూటిగానే ఉంటుంది. కానీ ఈ నవల విషయంలో పుస్తకమే రెండు రకాలుగా ఉంది.

చైనాలో 2008లో వచ్చిన పుస్తకంలో సాంస్కృతిక విప్లవం భాగం మధ్యలో ఎక్కడో వస్తుంది. రచయిత దాన్ని మొదట్లోనే పెట్టాలనుకున్నాడు గానీ, అనవసరంగా అధికారుల కళ్లలో పడకూడదని లోపలికి జరిపారు. కెన్ లియు ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు, రచయిత ఇష్టంతోనే, ఆ భాగాన్ని మళ్లీ మొదటికి తెచ్చాడు. అంటే చైనా భాషలో చదివినవాడు ఒక శాస్త్రవేత్తకు ఎదురైన మిస్టరీతో కథలోకి వెళ్తాడు. ఇంగ్లిష్‌లో చదివినవాడు ఒక తండ్రి హత్యతో వెళ్తాడు. మొదటివాడికి ఇది డిటెక్టివ్ కథలా మొదలవుతుంది, రెండోవాడికి విషాదంలా.

నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లిష్ వరసనే తీసుకుంది. మొదటి దృశ్యమే 1966, త్సింగ్‌హువా విశ్వవిద్యాలయం, వేల జనం, వేదిక మీద ఆ ప్రొఫెసర్. ఆయన చేసిన నేరం సాపేక్ష సిద్ధాంతం పాఠం చెప్పడం. ఆయన మీద సాక్ష్యం చెప్పడానికి కట్టుకున్న భార్యనే వేదిక ఎక్కిస్తారు. జనంలో నిలబడ్డ యే వెన్‌జే ముఖం తప్ప నాకు ఆ దృశ్యంలో ఇంకేదీ కనబడలేదు. అమ్మ అప్పటివరకు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆ పది నిమిషాలూ ఆమె చేతులు ఆగిపోయాయి.

టెన్సెంట్ సిరీస్‌లో ఈ హత్య ఇలా కనబడదు. ఆ కాలపు హింసను బాగా తగ్గించి, సూచనగా దాటేశారు. చైనాలో టీవీకి ఉన్న హద్దులు తెలిసిందే. అంటే సంఘటనల వరసలో, పాత్రల పేర్లలో, గేమ్ వివరాల్లో నవలను ఎంతో జాగ్రత్తగా అనుసరించిన సిరీస్, నవలకు వేరు లాంటి ఘట్టాన్ని పూర్తిగా చూపలేకపోయింది. మిగతాదంతా కలగాపులగం చేసిన సిరీస్ ఆ వేరును మాత్రం ఉన్నదున్నట్టు చూపించింది. ఇందులో దేన్ని నిజాయితీ అనాలో ఒక్క మాటలో తేలదు.

## ఒక దృశ్యం, రెండు చూపులు: విశ్వం రెప్పలార్చిన రాత్రి

నవలలో వాంగ్ మియావ్ అనే నానో పదార్థాల శాస్త్రవేత్తకు "విశ్వం నీ కోసం రెప్పలారుస్తుంది, చూసుకో" అని బెదిరింపు వస్తుంది. ఎక్కడ చూడాలి? కాస్మిక్ మైక్రోవేవ్ నేపథ్య వికిరణంలో. విశ్వం పుట్టిన తొలినాళ్ల వేడికి మిగిలిన జాడ అది. ఆకాశంలో ఏ వైపు చూసినా సుమారు 2.7 కెల్విన్ ఉష్ణోగ్రతతో దాదాపు ఒకేలా ఉంటుంది. ఇటువైపుకీ అటువైపుకీ ఉన్న తేడా లక్షలో ఒక వంతు. అలాంటిది నవలలో అది మొత్తం ఆకాశమంతటా ఒక్కసారిగా కొన్ని శాతం మేర ఎగిసి పడుతుంది. వాంగ్ రాత్రిపూట బీజింగ్ శివార్లలోని పరిశోధన కేంద్రానికి వెళ్తాడు, తెర మీద గీత వణకడం చూస్తాడు. పరికరం చెడిందేమోనని వేరే ఉపగ్రహాల సమాచారం చూస్తారు. అన్నిటిలోనూ అదే గీత. ఆ గీత ఎందుకు కదలకూడదో అప్పటికే మనకు తెలుసు కాబట్టి, చదువుతుంటే వీపు జలదరిస్తుంది.

టెన్సెంట్ ఈ దారిలోనే నడిచింది. నెట్‌ఫ్లిక్స్ ఏం చేసిందంటే, ఆకాశంలోని నక్షత్రాలే దీపాల్లా ఆరి వెలిగినట్టు చూపించింది. గొడ్డలి పట్టుకున్న రైతుకైనా, వీధిలో ఐస్‌క్రీమ్ తింటున్న పిల్లాడికైనా కనబడేలా.

దీని మీద రెండు వైపులా గట్టి వాదనలు ఉన్నాయి. మా తమ్ముడి మాట: "నవలలో భయం అర్థం చేసుకున్నవాడికి మాత్రమే కలుగుతుంది. అదే ఆ నవల గొప్పతనం. దాన్ని దీపావళి చేసేశారు." ఇలాంటి కథల్ని 'హార్డ్ సైన్స్ ఫిక్షన్' అంటారు, అంటే సైన్స్ అలంకారంగా కాక కథను నడిపే ఇరుసుగా ఉండేవి. ఆ ఇరుసు తీసేస్తే మిగిలేది మామూలు థ్రిల్లర్ అని వీళ్ల బాధ. అవతలివాళ్ల మాట: పుస్తకంలో మూడు పేజీల వివరణ చదివిస్తుంది, తెర మీద మూడు నిమిషాల వివరణ నిద్రపుచ్చుతుంది. ఆకాశమే రెప్పలారిస్తే ప్రపంచం మొత్తానికీ ఒకేసారి భయం పుడుతుంది. కథకు అది కావాలి.

అమ్మ మాత్రం ఎవరూ అడగకుండానే ఒక ప్రశ్న వేసింది. "నక్షత్రాలు ఒక్కోటి ఒక్కో దూరంలో ఉంటాయంటారు కదా, మరి అన్నీ ఒకేసారి ఎలా ఆరతాయి?" సరైన ప్రశ్న. నక్షత్రాల దగ్గర ఏమీ జరగలేదని, భూమి దగ్గరే మన కళ్లకు గంత కట్టారని తర్వాతి ఎపిసోడ్లలో తేలుతుంది. నాకు నవలలోని గీతే ఎక్కువ భయపెట్టింది. కానీ సైన్స్ చదవని మనిషి చేత ఆ ప్రశ్న వేయించిన దృశ్యాన్ని చౌకబారుదని నేను అనలేను.

## బీజింగ్ నుంచి లండన్‌కు

పెద్ద దుమారం రేగింది ఇక్కడే. టెన్సెంట్‌లో కథంతా చైనాలో, నవలలోని మనుషులతోనే జరుగుతుంది. జాంగ్ లుయీ వేసిన వాంగ్ మియావ్, యూ హెవే వేసిన పోలీసు షి చియాంగ్ జోడీని ఇష్టపడనివాళ్లు తక్కువ. నెట్‌ఫ్లిక్స్‌లో గతమంతా చైనాలో ఉంటుంది, వర్తమానం లండన్‌కు మారింది. ఒక్క వాంగ్ మియావ్ బదులు ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి చదివిన ఐదుగురు మిత్రులు వచ్చారు. నవలలో వాంగ్‌కు కళ్లముందు అంకెల కౌంట్‌డౌన్ కనబడటం ఇక్కడ ఆగీకి, వాంగ్ గేమ్ ఆడటం జిన్‌కి వెళ్లాయి. సాల్ రెండో పుస్తకంలోని కథానాయకుడు లువో జీకి మారురూపం. విల్ మూడో పుస్తకంలో వచ్చే యున్ తియాన్‌మింగ్. అమ్మ ఏడ్చిన ఘట్టం, అంటే ప్రేమించిన అమ్మాయికి నక్షత్రం కొనిచ్చి తన మెదడునే అంతరిక్షంలోకి పంపించుకోవడం, నవలల్లో మూడో పుస్తకం దాకా రాదు.

ఎందుకిలా చేశారన్నదానికి ఒక సబబైన కారణం ఉంది. మూడు పుస్తకాల్లో ముఖ్యపాత్రలు ఒకరికొకరు పెద్దగా తెలియదు, వాళ్ల కథలు శతాబ్దాల మీదుగా సాగుతాయి. ప్రతి సీజన్‌కీ కొత్త కథానాయకుణ్ణి పెడితే ప్రేక్షకుడు ఎవరినీ పట్టుకోలేడు. అందుకని ముందే అందరినీ స్నేహితుల్ని చేసి ఒకచోట కూర్చోబెట్టారు. దీనివల్ల అమ్మలాంటి ప్రేక్షకురాలికి తలుపు తెరుచుకుంది. నవల ఇష్టపడ్డవాళ్లకు మాత్రం, భూమి మొత్తానికి వచ్చిన ఆపదను ఒక స్నేహితుల గుంపే మోయడం ఇరుకుగా అనిపించింది.

చైనా ప్రేక్షకుల బాధ వేరు. నెట్‌ఫ్లిక్స్ అక్కడ అధికారికంగా లేదు, అయినా చూసినవాళ్లు చాలామంది. మా దేశంలో పుట్టిన కథలో, లోకాన్ని కాపాడేవాళ్లు చాలావరకు బయటివాళ్లయ్యారు, చైనా వంతుకు హింసాకాండ, ద్రోహం చేసిన ఆడమనిషి మిగిలాయి అని కొందరికి కోపం వచ్చింది. తమ తెర మీద చూపలేని గతాన్ని ఇంకెవరో అయినా చూపించారని సంతోషించినవాళ్లూ ఆ దేశంలోనే ఉన్నారు. బయటి నుంచి చూసేవాళ్లం ఈ రెండో గొంతును మర్చిపోయి, "చైనా వాళ్లకు నచ్చలేదు" అని ఒక్క మాటలో తేల్చేయడం న్యాయం కాదు.

## యే వెన్‌జేను ఎంతవరకు చూపించారు?

నా అసంతృప్తి ఇక్కడ ఉంది, దీని గురించి జనం తక్కువ మాట్లాడతారు.

నవలలో ఆమె జవాబు పంపడంతో సరిపెట్టుకోదు. ఆ సంగతి పసిగట్టిన అధికారి కొండ అంచున తాడుకు వేలాడుతూ పని చేస్తుంటే తాడు కోసేస్తుంది. అదే తాడు మీద తన భర్త కూడా ఉన్నాడని తెలిసీ కోస్తుంది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. ఆ తర్వాత కొండ కింది ఊళ్లో పల్లెజనం ఆమెను, బిడ్డను కడుపులో పెట్టుకుని చూసుకుంటారు. మనుషుల మీద నమ్మకం పోయి లోకాన్ని అమ్మేసిన మనిషికి, అమ్మేశాక మనుషుల మంచితనం ఎదురవుతుంది. నాకు తెలిసి ఈ నవలలో అన్నిటికన్నా బరువైన చోటు అదే.

నెట్‌ఫ్లిక్స్ ఆ హత్యలనూ ఆ ఊరినీ వదిలేసింది. బదులుగా, గ్రహాంతరవాసుల కోసం ఆమెతో చేతులు కలిపిన మైక్ ఎవాన్స్‌తో ఆమె అనుబంధాన్ని పెంచి, వాళ్లకు ఒక కూతుర్ని ఇచ్చింది. తండ్రిని చంపినవాళ్లను ఆమె మళ్లీ కలిసే ఘట్టం నవలలోనూ సిరీస్‌లోనూ ఉంది. పశ్చాత్తాపం అనే మాట అవతలి నుంచి రాదు. యువ యే వెన్‌జేగా జీన్ త్సెంగ్ నటన అక్కడ గొప్పగా ఉంది. కానీ సిరీస్ చూసినవాళ్లకు ఆమె గాయపడి తప్పు చేసిన మనిషిగా మిగులుతుంది. నవల చదివినవాళ్లకు అంత తేలిగ్గా జాలిపడే వీలు లేదు. "ఆ పిల్ల చేసింది తప్పేరా?" అని అమ్మ తమ్ముణ్ణి అడిగినప్పుడు, తాడు సంగతి చెప్పాలా వద్దా అని వాడు నా వైపు చూశాడు. వాడు చెప్పలేదు.

## పనామా కాలువ: మార్చి మెరుగుపరిచారా?

మార్పులన్నీ నష్టమే అనుకునేవాళ్లకు ఎదురు ఉదాహరణ ఇది. గ్రహాంతరవాసుల పక్షం చేరిన మనుషుల ఓడలో శత్రువుల సందేశాలున్నాయి. ఆ ఓడను పట్టుకోవాలి, సమాచారం చెడకూడదు. పోలీసు షి చియాంగ్ ఇచ్చిన ఉపాయం ప్రకారం కాలువకు అడ్డంగా కంటికి కనబడని నానో తీగలు, అరమీటరుకొకటి చొప్పున, వాద్యం తీగల్లా బిగిస్తారు. పగలే ఎందుకు? రాత్రయితే ఓడలోవాళ్లు పడుకుని ఉంటారు, పడుకున్న మనిషి రెండు తీగల సందులో తప్పించుకోవచ్చు. ఇంత చల్లగా లెక్కవేసిన వాక్యం చదివినప్పుడు పుస్తకం కాసేపు పక్కన పెట్టాను.

నవలలో ఓడలోవాళ్ల ముఖాలు మనకు పెద్దగా తెలియవు. నెట్‌ఫ్లిక్స్ ఆ ఓడలో కుటుంబాలను, ఆడుకునే పిల్లలను పెట్టింది. తీగలు తయారుచేసిన ఆగీ ఆ రోజు నుంచి మామూలు మనిషి కాలేకపోతుంది. నవలలో అది ఇంజనీరింగ్ ఉపాయం, సిరీస్‌లో నేరం కూడా. ఇది అనవసరపు క్రూరత్వమని కొందరన్నారు. ఆ లెక్క వెనక మనుషులున్నారని గుర్తుచేసినందుకు నేను దీన్ని మెచ్చుకుంటాను.

## సైన్స్ తెలిసినవాళ్ల అభ్యంతరాలు ఎవరి మీద?

సిరీస్‌ను తప్పుబట్టే సైన్స్ విమర్శల్లో చాలావి అసలు నవలకే తగులుతాయి. నవలలోని గ్రహం ఆల్ఫా సెంటారీలో ఉంటుంది. నిజమైన ఆల్ఫా సెంటారీలోనూ మూడు నక్షత్రాలున్నాయి గానీ, రెండు దగ్గరగా జంటగా తిరుగుతుంటే మూడోది, ప్రాక్సిమా, వాటికి ఎంతో దూరంగా, లక్షల ఏళ్లకొక చుట్టు తిరుగుతుంది. అంత అల్లకల్లోలం అక్కడ ఉండదు. అలాగే రెండు కణాల క్వాంటమ్ ముడితో కాంతికంటే వేగంగా కబురు పంపడం మనకు తెలిసిన భౌతికశాస్త్రంలో కుదరదు. గ్రహాంతరవాసులు భూమి మీద నిఘాకు, అలాంటి కబుర్లకు వాడే సోఫాన్ అనే ప్రోటాన్ కంప్యూటర్ రచయిత కల్పనే.

లెక్క సరిపోయే చోట్లు కూడా చెప్పాలి. అక్కడికి దూరం సుమారు నాలుగు కాంతి సంవత్సరాలు. సందేశం వెళ్లడానికి నాలుగేళ్లు, రావడానికి నాలుగు. ఎనిమిదేళ్ల నిరీక్షణ అందుకే. సిరీస్ చెప్పినట్టు ఓడలు నాలుగు వందల ఏళ్లలో రావాలంటే సగటున కాంతి వేగంలో నూరోవంతు, సెకనుకు 3,000 కిలోమీటర్లు ఉండాలి. మన వాయేజర్-1 వేగం సెకనుకు 17 కిలోమీటర్లే. ఆ వేగంతో అంత దూరం పోవాలంటే 70 వేల ఏళ్లు దాటుతుంది. నాలుగు వందల ఏళ్ల తర్వాత వచ్చే శత్రువు గురించి ఈ రోజు మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్న ప్రశ్న ఈ లెక్క నుంచే పుట్టింది.

## ఇంకా తేలని ఒక జోక్

2024 మేలో, కథ ముగిసేదాకా తీస్తామని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. కాబట్టి తగవు కూడా ముగియలేదు. రెండో నవల మొదట్లో యే వెన్‌జే లువో జీకి రెండు సూత్రాలు చెబుతుంది. నాగరికతకు మొదటి అవసరం బతకడం. నాగరికతలు పెరుగుతూనే ఉంటాయి, విశ్వంలో ఉన్న పదార్థం మాత్రం పెరగదు. త్రయం మొత్తం ఈ రెండు వాక్యాల మీద నిలబడి ఉంది.

సిరీస్‌లో ఆమె సాల్‌తో ఆ సూత్రాలు చెప్పదు, ఒక జోక్ చెబుతుంది. ఐన్‌స్టీన్ చనిపోయి స్వర్గానికి వెళ్తాడు. వయొలిన్ వాయించబోతే దేవదూతలు వద్దంటారు, దేవుడికి నచ్చదని. అవతల దేవుడి శాక్సఫోన్ వినబడుతుంటే ఐన్‌స్టీన్ ఆగలేక వాయిస్తాడు, తన్నులు తింటాడు, వయొలిన్ ముక్కలవుతుంది. సాల్ నవ్వలేదు, మా ఇంట్లోనూ ఎవరూ నవ్వలేదు. సోఫాన్లు అన్నీ వింటున్నాయి కాబట్టి ఆమె అసలు మాటను అందులో దాచిందని తమ్ముడి నమ్మకం. రెండు సూత్రాలూ ఆ జోక్‌లో ఎక్కడ దాక్కున్నాయో వెతుకుతూ వాడు ఆ ఘట్టాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పాడు. నాకు మాత్రం "వాయించకు" అన్న మాటలో "జవాబివ్వద్దు" వినబడింది.